జర్మనీ చత్రు

కొత్తగూడ అడవి అంచున ఉన్న ఆ తండాకు పోయి బానోతు చత్రు ఇల్లు ఎక్కడ అని అడిగితే పెద్దవాళ్ళు కూడా కాసేపు ఆలోచిస్తారు. జర్మనీ చత్రు అని అడగండి, చంటిపిల్లలు సైతం చెయ్యి పట్టుకుని తీసుకుపోయి గుమ్మం ముందు నిలబెడతారు. అరవై రెండేళ్ళ మనిషి. హైదరాబాదు రెండుసార్లు చూశాడు, రెండుసార్లూ దవాఖాన కోసమే. జర్మనీ ఏ దిక్కున ఉందో అతనికి తెలియదు. ఒక పాత సినిమా తెచ్చిపెట్టిన పేరది. సినిమా పోయింది, దాన్ని ఆడించిన డేరా పోయింది, పేరు మాత్రం పోలేదు. ఎవరు పిలిచినా నవ్వుతూ పలుకుతాడు. ఆ పేరు వింటే అతనికి ఏం గుర్తొస్తుందో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

చెప్పకుండా దాచుకోవడంలో చత్రును మించినవాడు మూడు జిల్లాల్లో లేడు. నోటితో బతికినవాడి గురించి ఇలాంటి మాట అనాల్సి రావడం విడ్డూరమే. కానీ ఉన్నమాట అదే.

ముప్పై ఎనిమిదేళ్ళ కిందట జనగామ పక్కన లింగాల ఘనపూర్ నుంచి నారాయణ అనే భూస్వామి సరదా కొద్దీ ఒక టూరింగ్ టాకీసు నడిపాడు. రెండు నెలలు ఒక ఊళ్ళో, రెండు నెలలు ఇంకో ఊళ్ళో డేరా వేసేవాడు. చత్రుకు అందులో జనరేటరు చూసుకునే పని. కొత్త తెలుగు సినిమాలు అడవి ఊళ్ళ దాకా వచ్చేసరికి వాటి పాటలు కూడా పాతబడిపోయేవి. అందుకని నారాయణ ఎక్కడెక్కడో మూలపడి ఉన్న ఇంగ్లీషు సినిమాల రీళ్ళు చవగ్గా తెచ్చేవాడు. ఆ భాష ఎవరికీ రాదు కనుక తెర పక్కన ఒక మనిషి మైకు పట్టుకుని నిలబడి, బొమ్మ నడుస్తుండగానే కథ చెప్పాలి. మొదట్లో ఆ పని కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒకాయన చేసేవాడు. తెర మీద దొర తుపాకీ తీస్తే ఈయన ఇక్కడ "ఓరీ నీచుడా, నీ అంతిమ ఘడియ ఆసన్నమైనది" అనేవాడు. జనం ఆవలించేవారు. మన తెలంగాణ మాటంటే ఆయనకు వెటకారం. సినిమాల్లో అది నౌకర్లకూ రౌడీలకూ పెట్టే మాట అని చత్రు మొహం మీదే అన్నాడు.

ఆయనకు మలేరియా తగిలి గూడూరులో మంచం పట్టిన రోజున మైకు చత్రు చేతికి వచ్చింది. హాస్టల్లో ఏడో తరగతి దాకా చదివాడు. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు, లారీల వాళ్ళ దగ్గర నేర్చిన ఉర్దూ కాస్త. అతని నోట్లో పడి తెల్ల దొరలు మానుకోట సంతలో బేరమాడినట్టు మాట్లాడటం మొదలుపెట్టారు. "అరె, జర ఆగరాదయ్యా, మా అవ్వ బీమారున్నది" అని ఒక కమాండరు అన్నాడు. డేరా అంతా ఈలలే. మహబూబాబాదును ఇక్కడివాళ్ళు మానుకోట అంటారు. ఆ మానుకోట నుంచి కాటారం దాకా చత్రు కథ చెప్తున్నాడంటే బండ్లు కట్టుకుని వచ్చేవారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా. ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడికి ఆ లోకువ తలకెక్కింది.

అప్పుడు వచ్చింది ఆ సినిమా. దాని పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరగలేదు. యుద్ధం సినిమా అని మాత్రం నారాయణకు చెప్పారు. యుద్ధమంటే బాంబులు, బాంబులంటే జనం అనుకుని ఆయన పోస్టరు మీద రెండు ట్యాంకులు, మూడు విమానాలు, కాలుతున్న ఒక కోట గీయించాడు. తీరా ముందుగా వేసుకుని చూస్తే, సినిమా మొదలయ్యేసరికే యుద్ధం అయిపోయింది! నలుపు తెలుపులో కూలిపోయిన ఒక జర్మనీ ఊరు. కూలిన గోడల్లోంచి ఇటుకలు ఏరి, వరుసలో నిలబడి ఒకరి చేతికి ఒకరు అందించుకునే ఆడవాళ్ళు. తీసినవాళ్ళ చేతిలో చిల్లిగవ్వ లేదని చూస్తేనే తెలుస్తుంది. ఉన్నది ఒకే ఒక్క జీపు. కుడి నుంచి వస్తే ఒక సైన్యం, ఎడమ నుంచి వస్తే ఇంకో సైన్యం. గడ్డం మీద గాటున్న నటుడు ఒకడు మొదటి రీలులో చచ్చిపోతాడు, మూడో రీలులో రొట్టెలు పంచుతాడు, ఐదో రీలులో రైలు నడుపుతాడు.

కథ మాత్రం గట్టిది. రీళ్ళతో పాటు వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని మానుకోటలో ఒక సారు చదివి విప్పి చెప్పాడు. ఇటుకలు మోసే ఆ ఆడమనిషి భర్త యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. ఆమెకు చత్రు మరియమ్మ అని పేరు పెట్టాడు. రొట్టెల దుకాణం దగ్గర కాపలా ఉండే ఒక పరాయి సిపాయి, మంచివాడే, ఆమెను చేసుకుంటానంటాడు. ఆమె సరే అనబోతుండగా మొహమంతా కాలిన ఒక మనిషి ఆమె భర్త కోటు తొడుక్కుని వస్తాడు. నాలుగు రోజులు ఉంటాడు, పొయ్యి బాగు చేస్తాడు, గోడ కడతాడు. చివరికి చెప్తాడు: నేను నీ భర్తను కాదు, అతని దోస్తును, అతను మంచులో నా చేతుల్లోనే పోయాడు, చలికి తట్టుకోలేక ఈ కోటు తీసుకున్నాను. ఆమె అతని రొమ్ము మీద గుద్ది గుద్ది ఏడుస్తుంది. అతను దారి పట్టి పోతాడు. ఆమె చూస్తూ నిలబడుతుంది. అంతే, శుభం.

ఈ సినిమాతో డేరా కొత్తగూడకు వచ్చేనాటికి చత్రు ఇంట్లో ఒక కష్టం నడుస్తోంది. అతని అన్న అమర్‌సింగ్ అంతకు ముందు ఎండాకాలం తునికాకు కోతకని కాటారం అవతలి అడవికి పోయాడు. తోటి కూలీలు తిరిగి వచ్చారు, అతను రాలేదు. అన్నలతో, అంటే నక్సలైట్లతో కలిశాడని కొందరు, బట్టల మిల్లు పనికి భీవండి పోయాడని కొందరు, పులి అని కొందరు. గట్టిగా అడగడానికి లేదు. అడవి పల్లెల్లో ఆ రోజుల్లో ఎవరి గురించి ఎక్కువ అడిగినా ఇటు పోలీసులు, అటు అన్నలు, రెండు వైపుల నుంచీ ముప్పే. కబురు చెప్పేవాళ్ళు కూడా సూటిగా చెప్పేవారు కాదు. "మీ తప్పిపోయిన దూడ కనవడ్డది, మంచిగనే మేస్తున్నది" అని సంతలో ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు అని పోతే, ఆ ఇంటివాళ్ళు తమ పిల్లవాడు బతికి ఉన్నాడని తెలుసుకుని, మారు ప్రశ్న వేయకుండా ఇంటికి వచ్చేవారు. మళ్ళీ ఆ మాట ఎత్తేవారు కాదు. ఎత్తితే దూడకే ప్రమాదం.

అమర్‌సింగ్ భార్య కమ్లీకి అప్పటికి ఇరవై మూడేళ్ళు. పిల్లలు లేరు. తండా నాయక్ ఒక గడువు పెట్టాడు. హోళీ దాకా చూద్దాం, రాకపోతే పోయినట్టే అనుకుందాం, కమ్లీని చత్రుకు ఇద్దాం అన్నాడు. అన్న లేకుండా పోతే వదిన తమ్ముడి ఇంటికి రావడం తండాలో తప్పు కాదు, మర్యాదే. చత్రుకు ఆమె అంటే ఇష్టం. అన్న ఉన్నప్పుడు లేని ఇష్టం కాదది, అప్పుడూ ఉన్నదే, తలెత్తనివ్వని ఇష్టం. అన్న రావాలని మొక్కాడు, రాకూడదని కోరుకున్నాడు. రెండూ ఒకే రోజు ఒకే నోటితో చేసి తనను తానే అసహ్యించుకున్నాడు.

కొత్తగూడలో మొదటి ఆట రోజు చత్రు కథను ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కాలిన మొహం మనిషి "నీ మొగడు సచ్చిపోయిండు మరియమ్మా" అనగానే డేరా భగ్గుమంది. "ట్యాంకులు లేవు, ఇమానాలు లేవు, ఆఖరికి మొగడు కూడ లేడా!" అని ఒకడు రాయి విసిరాడు. తెరకు చిల్లు పడింది. ఆట అయ్యాక నారాయణ చత్రును పిలిచాడు.

"అరే చత్రు, రేపు వాన్ని బతికియ్యి."

"అది ఇంగ్లీషు కత పటేలా. గట్లనే ఉన్నది."

"ఇంగ్లీషు ఎవనికొచ్చుర ఈడ? ఆ కాలిన మూతోన్నే మొగన్ని చెయ్యి. జర్మనోడు బతికితే నీ సొమ్మేం పోతది?"

రెండో రోజు తండా ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళలో కమ్లీ ఉంది. నేల మీద, ముందు వరుసలో కూర్చుంది. చత్రు ఆమెను చూశాడు. చూసి కూడా మైకు పట్టుకున్నాడు.

అబద్ధం ఆడితే అతికినట్టు ఉండాలంటారు. కాలిన మొహం మనిషి ఇంట్లోకి వచ్చి కూర్చునే సీను చాలా పొడుగు, మాటలు లేవు. దాన్ని నింపాలి. ఇల్లు వదిలి పోయి తిరిగి వచ్చిన భర్త ఎలా ఉంటాడో చత్రుకు ఎక్కడ తెలుసు? ఇల్లు వదిలి పోయినవాళ్ళలో అతనికి తెలిసింది అన్న ఒక్కడే. కాబట్టి అన్ననే తెచ్చి తెర మీద కూర్చోబెట్టాడు. "సూడుండ్రి, గడప దాటేటప్పుడు తల వంచుతున్నడు. పొడుగు మనిషి గదా, పాత అలవాటు. ఎడమ చెయ్యితోని తింటడు. ఎండలల్ల, అడవులల్ల నడిచి నడిచి కాళ్లు పగిలినయ్" అన్నాడు. మంచు అంటే తండా ఆడవాళ్ళకు తెలియదని అడవి అన్నాడు. చివర్లో ఆ మనిషి దారి పట్టి పోతుంటే ఏం చెప్పాలో తోచలేదు. భర్త అయితే ఎందుకు పోతాడు? అప్పటికప్పుడు అల్లాడు. "ఇప్పుడు ఊర్ల ఉండెటట్టు లేదు. ముఖం మారింది, పేరు మారింది. గని మనిషి బతికే ఉన్నడు. పని అయినంక వస్తడు. మరియమ్మా, నువ్వు జర ఓపిక వట్టు" అన్నాడు.

డేరా చప్పట్లతో ఊగిపోయింది. ఆ ఊళ్ళోనే పదకొండు రోజులు ఆడింది. జర్మనీ చత్రు అన్న పేరు ఆ పదకొండు రోజుల్లోనే వచ్చింది.

హోళీ అయింది. పంచాయితీ కూర్చుంది. నాయక్ అడిగితే కమ్లీ ఒకే మాట అంది. "వస్తడు. నేను ఉంట." అంతకు మించి ఎంత అడిగినా నోరు విప్పలేదు. సినిమా చూసి దీనికి మతి పోయిందని ఆడవాళ్ళు గొణుక్కున్నారు. డేరా లోంచి ఏడుస్తూ నవ్వుతూ వచ్చిందట, ఆ రోజు నుంచి మొహం వెలిగిపోతోందట. ఆ మాటలు చత్రు విన్నాడు. తన కథే ఈ పని చేసిందని అక్కడికక్కడే అర్థమైంది. నాయక్ అతని వైపు తిరిగి "నీ మాటేంది చత్రు?" అన్నాడు. ఒక్క మాట చాలు. ఆ మాటలు నారాయణ మార్చమంటే నేను అల్లినవి, అసలు కథలో మొగుడు చచ్చిపోయాడు అంటే చాలు. కానీ ఎలా అంటాడు? అన్న చచ్చాడని చెప్పడానికి తమ్ముడే ముందుకొచ్చాడు, వదిన మీద కన్నేశాడు అంటారు. అననివారెవరు? పైగా అందులో నిజం ఉంది కూడా. నిజం ఉన్నందుకే అతను మట్టి వైపు చూస్తూ కూర్చుండిపోయాడు.

తర్వాతిదంతా బతుకు. మరుసటి ఏడు సక్రి అనే పిల్లను చేసుకున్నాడు. ఆమె మంచిది, అతని మౌనంతో కాపురం చేసి ఆరేళ్ళ కిందట పోయింది. కూతురు భూపాలపల్లిలో ఉంటుంది. టీవీలు వచ్చి డేరాలు ముడుచుకుపోతే చత్రు మిర్చి కల్లాల్లో కాపలా ఉన్నాడు, కూలికి పోయాడు, పొలం చేశాడు. కమ్లీ రెండు ఇళ్ళ అవతలే ఉంది. సర్వేకు ఎవరొచ్చినా, ఓటరు లిస్టు వాళ్ళొచ్చినా, భర్త ఉన్నాడా అంటే ఉన్నాడనే చెప్పింది. మరీ గుచ్చి అడిగితే పనికి పోయాడు అంది. ముత్తయిదువ సొమ్ములు ఒక్కటీ తీయలేదు. పెళ్ళిళ్ళలో ఆమెను పీటల దగ్గరికి పిలవాలా వద్దా అని ఆడవాళ్ళు గొణుక్కునేవారు, చివరికి పిలవడం మానేశారు. ఆమె ఇంటి ముందు నుంచి రోజుకు నాలుగుసార్లు నడిచే చత్రుకు ఇవన్నీ కనపడుతూనే ఉన్నాయి. రేపు చెప్తా అనుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు రేపు చెప్తా అనుకున్నాడు, దద్దమ్మ.

ఈ చలికాలం నారాయణ మనవరాలు శ్రేయ ఫోను చేసింది. జనగామ కాలేజీలో ఇంగ్లీషు చెప్తుందట. తాత చనిపోయాక పాత కాగితాల్లో ఆ సినిమా పోస్టరు దొరికిందట. సినిమా ఇంటర్నెట్టులో ఉందట. పిల్లల చేత కింద తెలుగు అక్షరాలు వేయించి, మానుకోటలో ఒక హాల్లో ఆడిస్తుందట.

"తాతా, మీరు అప్పట్ల చెప్పినట్టే మైకుల చెప్పాలె. ఒక్క ముక్క కూడ మార్చద్దు. కారు పంపిస్త."

వద్దందామనుకున్నాడు. కానీ ఫోను స్పీకరు మీద ఉంది, గడపలో కమ్లీ నిలబడి ఉంది. ఆమె మొహంలో ఇరవై మూడేళ్ళ వయసు నాటి వెలుగు చూసి చత్రు సరే అన్నాడు.

"గా సినిమానేనా? నేనొస్త" అంది కమ్లీ.

హాల్లో నూటయాభై మంది దాకా పిల్లలు. శాలువా కప్పారు. కమ్లీని ముందు వరుసలో, మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమెకు చదువు రాదు. లైట్లు తీశారు, అదే ఊరు, అవే ఇటుకలు, అదే ఒక్క జీపు. చత్రు మొదలుపెట్టాడు. రెండు నిమిషాలకే పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. మొదట ముచ్చటపడి నవ్వుతున్నారనుకున్నాడు. తర్వాత తెర కిందికి చూశాడు. అతను చెప్పేది ఒకటి, అక్కడ అక్షరాల్లో ఉన్నది ఇంకొకటి. శ్రేయ ఆటే అది. పాతకాలపు తండా మనిషి ఇంగ్లీషు సినిమాను ఎంత తమాషాగా తప్పు చెప్పాడో చూపించడం. ఆ పిల్లలో ద్వేషమేమీ లేదు, ప్రేమగానే చేసింది. అందుకే ఇంకా మంట పుట్టింది. ఆనాడు కృష్ణా జిల్లా ఆయన ఒక్కడే నవ్వాడు. ఇప్పుడు సొంత జిల్లా పిల్లలు నూటయాభై మంది.

కోపంతో మైకు పెట్టేసి పోయేవాడే. కానీ కాలిన మొహం మనిషి గడప దాటాడు. చత్రు అలవాటుగా "తల వంచుతున్నడు" అన్నాడు. అని ముందు వరుస వైపు చూశాడు. కమ్లీ పెదవులు కదులుతున్నాయి. అతని కంటే ఒక మాట ముందే ఆమె లోపల చెప్పుకుంటోంది. ఎడమ చెయ్యి, పగిలిన కాళ్ళు, అడవులు, అన్నీ. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఒక్కసారి విన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా ఆమె దగ్గర ఉన్నాయి. 

చివరి సీను వచ్చింది. పిల్లలు నవ్వడానికి తయారుగా ఉన్నారు. చత్రు తెర కిందికి చూసి, అక్కడ ఉన్నది ఉన్నట్టు, ఏడో తరగతి పిల్లవాడు పాఠం చదివినట్టు చదివాడు.

"నేను నీ భర్తను కాదు. నీ భర్త చనిపోయాడు. నా చేతుల్లోనే చనిపోయాడు. నా కోసం చూడకు, అతని కోసమూ చూడకు."

ఎవరూ నవ్వలేదు. "అయ్యో తాతా, అప్పటి లెక్క చెప్పాలె గదా" అని శ్రేయ పక్క నుంచి గుసగుసగా అంది. కమ్లీ లేచి, కుర్చీలు పట్టుకుంటూ చీకట్లో బయటికి పోయింది.

చత్రు బయటికి వచ్చేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. మధ్యాహ్నపు ఎండ. ఎదురుగా మిర్చి లారీలు పోతున్నాయి. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది లంబాడీలో. ఆ మాటకు లిపి లేదు కాబట్టి ఇక్కడ తెలుగులో చెప్తున్నాను.

"ఏది నిజం?" అంది.

"గిప్పుడు సదివింది."

"అప్పుడు చెప్పింది?"

"పటేలు మార్చుమన్నడు. నేను మార్చిన."

"పంచాయితిల కూసున్ననాడు నీకు ఎరుకేనా?"

"ఎరుకే." చత్రు ఆమె పక్కన కూర్చోవడానికి జంకి నిలబడే ఉన్నాడు. "ఒక్క సినిమా సూసి నువ్వు గిన్నేండ్లు కూసుంటవని నేననుకోలే వదినా. ఏడాదికో రెండేండ్లకో మర్చిపోతవనుకున్న."

కమ్లీ తలెత్తి అతన్ని ఒక తెలివితక్కువవాడిని చూసినట్టు చూసింది.

"సినిమానా? సినిమాను సూసి కూసుంటనా నేను? నాకు మతి లేదనుకున్నవా? జర్మనోనికి మీ అన్న లెక్క ఎడమ చెయ్యి ఎక్కడిది? మీ అన్న లెక్క గడపల తల వంచుడు ఎక్కడిది? ముందు దినం చెప్పని మాటలు నేనొచ్చిన దినమే ఎందుకు చెప్పినవ్? పేరు మారింది, ముఖం మారింది, పని అయినంక వస్తడు, ఓపిక వట్టు అన్నవ్. నా దిక్కు సూసి అన్నవ్. మీ అన్న కబురు పంపిండనుకున్న. పోలీసుల భయానికి నువ్వు సూటిగ చెప్పలేక డేరల మైకుల చెప్పినవనుకున్న."



"అడిగితే ఆయన పానానికే మోసమని ఒక్కనాడు నిన్ను అడగలే. ఎవ్వలకు చెప్పలే. పంచాయితిల అందరు పిచ్చిదన్నరు, పడ్డ. నీకు ఎరుకే గదా, నువ్వొక్కనివన్న నన్ను సమజు చేసుకుంటున్నవనుకున్న. నువ్వు నేల సూసి ఊకున్నవు. దాస్తున్నవనుకుని ఇంకింత నమ్మిన."

 తర్వాత మామూలు గొంతుతో, ఇంటి సంగతి ఏదో చెప్తున్నట్టు అంది. "డేరకు రాకముందు నాయక్‌కు సరే చెప్దామనే అనుకున్న. నువ్వంటే నాకేం కోపం లేకుండె."

 చత్రు మెట్టు మీద కూర్చుని రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు.

"సిగ్గయింది వదినా. గందుకే చెప్పలేకపోయిన."

"సిగ్గు నీది" అంది కమ్లీ. "ఏండ్లు నావి."

లోపలి నుంచి చప్పట్లు వినపడ్డాయి. శ్రేయ కారులో దింపుతానన్నా కమ్లీ ఎక్కలేదు. బస్సులో పోయింది. చత్రు అదే బస్సులో, వెనక సీట్లో కూర్చుని పోయాడు. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

మరునాడు పొద్దున కమ్లీ అతని గుమ్మం ముందుకు వచ్చింది. చేతులకు, మెడకు సొమ్ములు లేవు. రా అంది, అంతే. గ్రామ పంచాయితీ ఆఫీసుకు తీసుకుపోయింది. కార్యదర్శి అరుణ, ముప్పై ఏళ్ళ పిల్ల, తలకు మించిన పనితో ఉంది.

"మా ఆయన సచ్చిపోయిండు బిడ్డా. రాసుకో. అన్ని కాయితాలల్ల పేరు తీసెయ్యి" అంది కమ్లీ.

అరుణ కలం పట్టుకుంది. "ఎప్పుడు పోయిండవ్వా?"

"నిన్న."

అరుణ తలెత్తి చూసింది. రికార్డుల్లో పేరు వెతికింది, తప్పిపోయి ఎన్నేళ్ళయిందో పక్కవాడిని అడిగి తెలుసుకుంది. "నిన్న అని రాయస్తదా అవ్వా? ఎప్పుడు, యాడ, ఎట్ల పోయిండో చెప్పాలె. ఇంటోల్లు చెప్తే దరఖాస్తు రాస్త, మిగిలింది పై ఆఫీసోల్లు సూస్కుంటరు."

కమ్లీ చత్రు వైపు వేలు చూపించింది. "గీయన్ని అడుగు. తమ్ముడే. చెప్తడు. చెప్పుడు గీయనకు మంచిగొస్తది."

చత్రు ఆమె వైపు చూశాడు. ఆమె మొహంలో వెటకారం లేదు, జాలి లేదు. పని కావాలి, అంతే. అతను గొంతు సవరించుకున్నాడు. ఎనభై ఆరో సంవత్సరం అన్నాడు. ఆకు కోతల దినాలు, కాటారం అవతలి అడవి అన్నాడు. జ్వరం వచ్చిందన్నాడు. మూడు రోజులు మూసిన కన్ను తెరవలేదు, కూలీలు వాగు ఒడ్డున టేకు నీడకు పడుకోబెట్టారు, తడిగుడ్డ వేశారు, నాలుగో రోజు పొద్దెక్కాక కళ్ళు తెరిచాడు అన్నాడు. చెప్తూ పోతుంటే మాట దానంతట అదే వస్తోంది. ఆఫీసులో పనుల మీద వచ్చిన నలుగురైదుగురు దగ్గరికి జరిగి వింటున్నారు.

"ఆఖర్న ఒక్క మాట అన్నడు. మా కమ్లికి చెప్పుండ్రి, నా కోసం కూసోవద్దని చెప్పుండ్రి, అన్నడు. గంతే, పానం పోయింది. ఆ వాగు ఒడ్డునే మన్ను కప్పిన్రు."

అరుణ కలం ఆగిపోయింది. ఎవరో అయ్యో అన్నారు. చత్రు పక్కకు చూశాడు. కమ్లీ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఏడుస్తోంది. ప్రతి ముక్కా అబద్ధమని ఈ లోకంలో అతని తర్వాత తెలిసింది ఆమె ఒక్కదానికే. తెలిసి కూడా, నిన్న ఒక్క చుక్క రాల్చని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని, ఆ వాగు ఒడ్డు మీద పోయిన మొగుడి కోసం వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇది మీకెవరు చెప్పిన్రు తాతా?" అంది అరుణ.

"ఆకు కూలోల్లు."

"ఎప్పుడు?"

"అప్పుడే."

"మరి గిన్నేండ్లు గీ అవ్వకెందుకు చెప్పలే?"

చత్రు, ఆనాడు పంచాయితీలో లాగే, నేల వైపు చూశాడు.  ఆఫీసులో అందరూ అతని మొహమే చూస్తున్నారు.

కమ్లీ కళ్ళు తుడుచుకుని గోడ పట్టుకుని లేచింది. "ఏలిముద్ర యాడ పెట్టాల్నో సూపియ్యి బిడ్డా" అంది.